‘ఐ టు ఐ’ అని రాసి ఇరుక్కున్నాను, ఏం చేయమంటారు?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. మాది విజయనగరం దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొన్న మా అమెరికా క్లయింట్ గురించి మేనేజర్‌కి మెయిల్ రాస్తూ, ఆయన్ని ఇంతవరకు ఎదురెదురుగా కలవలేదు అనే అర్థంలో ‘వి హావ్ నెవర్ సీన్ ఐ టు ఐ’ అని రాశాను. అరగంటలో ఫోన్. ‘క్లయింట్‌తో గొడవేంటి, ముందే ఎందుకు చెప్పలేదు’ అని. సంగతి చెప్పాక ఆయన నవ్వేశారు గానీ, టీమ్‌లో వాళ్ళు నేను కనబడితే చాలు ‘ఐ టు ఐ’ అంటున్నారు. పట్టుదల వచ్చి, కళ్ళ మీద అరవై ఇంగ్లీషు ఇడియమ్స్ ఉన్న పీడీఎఫ్ ఒకటి దొరికితే రోజుకు ఐదు చొప్పున బట్టీ పడుతున్నాను. పక్కన అవి ఎలా పుట్టాయో కథలు కూడా ఇచ్చారు. అవన్నీ నిజమేనా? అందులో ‘ఆపిల్ ఆఫ్ మై ఐ’ చూసి, కంటికీ ఆపిల్‌కీ ఏం సంబంధం అని ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి అడిగితే నోరు పెగల్లేదు. ఇలా బట్టీ పడితే వస్తాయా?

జవాబు: అమ్మా, ముందు ఆ పీడీఎఫ్ మూసేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీరు రాసింది తప్పే. కానీ అది మామూలు తప్పు కాదు, చాలా పాతకాలపు తప్పు. ‘సీ ఐ టు ఐ’ అనే మాట ఇంగ్లీషులో పాతుకుపోయింది 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ వల్ల. యెషయా గ్రంథం 52వ అధ్యాయం, 8వ వచనం. యెరూషలేము కావలివాళ్ళు దేవుడు తిరిగి రావడాన్ని చూస్తారు, ఎలా చూస్తారంటే ‘ఐ టు ఐ’ చూస్తారు. అంటే ఎదురుగా, స్వయంగా, తమ కళ్ళతో. అక్కడ అభిప్రాయాలు కలవడం, కలవకపోవడం అనే ప్రసక్తే లేదు. మన తెలుగు బైబిల్లో అదే చోట ‘కన్నులార చూచుచున్నారు’ అని ఉంటుంది, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఇద్దరి చూపూ ఒకటే, అంటే ఇద్దరిదీ ఒకే మాట అనే అర్థం తర్వాత పట్టుకుంది, ఇప్పుడు అదొక్కటే మిగిలింది. కాబట్టి మీరు మెయిల్లో వాడింది ఆ పాత అర్థం, మీ మేనేజర్ చదివింది ఇప్పటి అర్థం. మధ్యలో నాలుగు వందల ఏళ్ళు.

ఇప్పటి వాడుక ఇదీ: మనిషితో అయితే ‘విత్’, విషయం మీద అయితే ‘ఆన్’. ‘వి డోన్ట్ సీ ఐ టు ఐ ఆన్ ద డెడ్‌లైన్’ అంటే డెడ్‌లైన్ దగ్గర మా ఇద్దరికీ పొసగడం లేదు అని. మెయిల్లో ఇది కాస్త ఘాటైన మాటే, అందుకే ఆయన అరగంటలో ఫోన్ చేశాడు. మీకు కావలసిన మాట ‘వి హావెన్ట్ మెట్ ఇన్ పర్సన్’. అందులో కన్నూ లేదు, ముక్కూ లేదు, గొడవా లేదు.

ఇక మీ అబ్బాయి ప్రశ్న. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చింది అదే. వాణ్ణి కిటికీ దగ్గర వెలుతురులో నిలబెట్టి, దగ్గరగా వెళ్ళి వాడి కంటి నల్లగుడ్డులోకి చూడండి. లోపల ఒక చిన్న బొమ్మ కనిపిస్తుంది. అది మీరే, మీ ప్రతిబింబం. మనవాళ్ళు దాన్ని చూసే కంటిపాప అన్నారు, పాప అంటే చంటిబిడ్డ, బొమ్మ. సంస్కృతంలో దానికే కనీనిక అని పేరు, ఆ మాటకి చిన్న పిల్ల అని కూడా అర్థం. లాటిన్‌వాళ్ళు ‘ప్యూపిల్లా’ అన్నారు, అదీ చిన్న పిల్ల, బొమ్మే. అందులోంచి వచ్చిందే ఇంగ్లీషు ‘ప్యూపిల్’. బడిపిల్లవాణ్ణి ప్యూపిల్ అనడం కూడా ఆ కుటుంబం మాటే. హీబ్రూలో అయితే కంటిలోని ‘చిన్న మనిషి’ అంటారు. ఒకరినొకరు ఎరగని మనుషులు, ఎక్కడెక్కడో కూర్చుని, ఎదుటివాళ్ళ కంట్లోకి తొంగిచూసి ఒకే బొమ్మను చూశారు.

మరి ఆపిల్ ఎక్కడిది అంటారా. పాత ఇంగ్లీషులో ‘ఆపిల్’ అంటే ఇప్పటి కశ్మీర్ ఆపిల్ ఒక్కటే కాదు, ఏ పండునైనా, గుండ్రంగా ఉన్న దేన్నైనా అలా అనేవాళ్ళు. కంటి మధ్య నల్లగా కనిపించేది గట్టి గోళీలాంటిది అని అప్పట్లో అనుకునేవాళ్ళు, అది నిజానికి వెలుతురు లోపలికి పోయే రంధ్రం అని వాళ్ళకు తెలియదు. అందుకని దాన్ని కంటి ఆపిల్ అన్నారు. తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నాటి రాతల్లోనే ఈ వాడుక ఉంది. షేక్‌స్పియర్ కూడా ఒక నాటకంలో ఈ మాట వాడాడు, అక్కడ అర్థం ప్రేమా గీమా ఏమీ కాదు, అచ్చంగా కనుపాపే. బైబిల్ అనువాదంలో 17వ కీర్తనలో ‘నీ కంటి ఆపిల్‌లా నన్ను కాపాడు’ అని పడ్డాక ప్రాణప్రదమైన మనిషి అనే అర్థం గట్టిపడింది. తెలుగు బైబిల్ తీస్తే అక్కడ ఆపిల్ ఉండదు, కనుపాపే ఉంటుంది. కంటిపాపలా చూసుకోవడం అన్న మాట మనకి ఎలాగూ ఉంది కాబట్టి ‘ఆపిల్ ఆఫ్ మై ఐ’ మీకు బట్టీ పట్టే పని లేదు, పుట్టినప్పటినుంచీ తెలిసిన మాటే. పిల్లలకీ మనవలకీ వాడండి, ఆఫీసులో ఎవరికీ వాడకండి.

ఇలా రెండు భాషలూ ఒకే బొమ్మని చూసినవి ఇంకా ఉన్నాయి. ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’ మన రెప్పపాటే. అసలు మనం రోజూ వాడే ‘నిమిషం’ అనే మాటే కంటి రెప్పపాటు. సంస్కృతంలో దాని అర్థం అదే, అరవై సెకన్ల లెక్క తర్వాత వచ్చింది. దేవతలు రెప్ప వేయరు కాబట్టి వాళ్ళు అనిమిషులు. దమయంతి స్వయంవరానికి నలుగురు దేవతలు నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటే, ఐదుగురిలో రెప్ప వేసేవాడు, చెమట పట్టినవాడు ఎవడో చూసి ఆమె అసలు నలుణ్ణి పోల్చుకుంది. మనం ‘ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా’ అని అరగంట చేస్తామే, ఆ నిమిషం వెనక ఇంత కథ ఉంది.

ఇంగ్లీషు ‘వింక్’ కూడా ఇలాంటిదే. ఇప్పుడు కన్ను కొట్టడం అంటున్నాం గానీ, పూర్వం దాని అర్థం రెండు కళ్ళూ మూసుకోవడం. అది తెలిస్తే ‘ఐ డిడ్‌న్ట్ స్లీప్ ఎ వింక్’ ఎందుకు అంటారో అర్థమవుతుంది, మన కంటిమీద కునుకు లేకపోవడమే అది. ‘హుడ్‌వింక్’ అంటే మోసం చేయడం. హుడ్ అంటే తలమీది ముసుగు, దాన్ని కిందికి లాగి కళ్ళు మూసేస్తే ఇంక చూసేదేముంది. మనం కళ్ళకు గంతలు కట్టడం అంటాం, గానుగెద్దుకి కట్టినట్టు. ‘బ్లైండ్‌ఫోల్డ్’లో ‘ఫోల్డ్’ ఉంది కదా అని గుడ్డ మడత పెట్టడం అనుకుంటారు చాలామంది. కాదు, అది ‘కొట్టి గుడ్డివాణ్ణి చేయడం’ అనే పాతమాట, నలిగి నలిగి ఫోల్డ్ అయింది.

కథలన్నీ నిజమేనా అన్నారు. కొన్ని నిజం, కొన్ని సగం నిజం, కొన్ని చెప్పుకోవడానికి బాగుంటాయి, అంతే. సగం నిజానికి ఉదాహరణ ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’, అంటే చూసి కూడా చూడనట్టు ఉండటం. మీ పీడీఎఫ్‌లో బ్రిటిష్ నౌకాదళ అధికారి నెల్సన్ కథ ఉండే ఉంటుంది. 1801 ఏప్రిల్ 2, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ ముందు సముద్రంలో యుద్ధం. బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద అధికారి సర్ హైడ్ పార్కర్, లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడలతో దూరంగా ఉండిపోయాడు. ముందుకెళ్ళి పోరాడుతున్నది నెల్సన్. ఆయన ఓడ పేరు ఎలిఫెంట్. ఫిరంగి దెబ్బలు గట్టిగా తగులుతున్నాయని దూరంనుంచి చూసి పార్కర్ 39వ నంబరు జెండా ఎగరేశాడు, యుద్ధం ఆపమని దాని అర్థం. నెల్సన్‌కి కుడి కన్ను కనపడదు. 1794లో కోర్సికా దీవిలో కాల్వి ముట్టడిలో ఫిరంగి గుండు దగ్గర్లో పడి, ఎగిరిన రాళ్ళూ ఇసుకా తగిలి ఆ కంటి చూపు పోయింది. పక్కనున్న కెప్టెన్ ఫోలీతో ‘నాకున్నది ఒక్క కన్నే, అప్పుడప్పుడూ గుడ్డివాణ్ణి కావడానికి నాకు హక్కుంది’ అని, టెలిస్కోపు ఆ కుడికంటికి ఆనించుకుని, ‘నాకు నిజంగానే ఏ జెండా కనబడటం లేదు’ అన్నాడంటారు. తన ఓడమీద మాత్రం 16వ నంబరు జెండా, అంటే దగ్గరికెళ్ళి పోరాడమనేది, దించకుండా అలాగే ఉంచమన్నాడు. గెలిచాడు.

ఇందులో యుద్ధం నిజం, జెండా నిజం, ఆయన మాట వినకపోవడం నిజం. టెలిస్కోపు ముచ్చట తర్వాత చెప్పినవాళ్ళు కలిపిందని అనేవాళ్ళున్నారు. దానికంటే ముఖ్యమైన సంగతి, నెల్సన్ కంటే ముందే ఆ మాట ఇంగ్లీషులో ఉందని నిఘంటువుల్లో ఉదాహరణలున్నాయి. కాబట్టి మాటను ఆయన పుట్టించలేదు, ఆయన వల్ల అది ఊరంతా తెలిసింది. సినిమాల్లో చూపినట్టు కంటికి నల్ల గుడ్డ కూడా కట్టుకునేవాడు కాదు, చూడటానికి ఆ కన్ను మామూలుగానే ఉండేదట. ఇంకో సంగతి ఏ పీడీఎఫ్‌లోనూ రాయరు. అదే జెండా చూసి బుద్ధిగా మాట విన్న కెప్టెన్ ఒకడున్నాడు, రియూ అని. ఓడ వెనక్కి తిప్పుతుండగా గుండు తగిలి చనిపోయాడు. ఆయన పేరు మీద ఏ ఇడియమూ లేదు.

ఈ మాట వాడేటప్పుడు ఒక జాగ్రత్త. ‘టు’ తర్వాత తప్పు రావాలి, మనిషి కాదు. మేనేజర్ లేట్ కమింగ్‌కి ‘టర్న్డ్ ఎ బ్లైండ్ ఐ’ అనాలి, రమేష్‌కి అంటే రమేష్‌ని పట్టించుకోలేదు అన్నట్టు వింతగా ఉంటుంది. మన ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’ దీనికి సరిగ్గా సరిపోతుంది. గుడ్డిగా నమ్మడం వేరు, దాన్నీ దీన్నీ కలపకండి.

ఇంక ‘పుల్ ద వుల్ ఓవర్ ఐస్’. కళ్ళమీదికి ఉన్ని లాగడం, అంటే మన కళ్ళల్లో దుమ్ము కొట్టడం. పూర్వం పెద్దమనుషులు పెట్టుకున్న విగ్గుల్ని దొంగలు కళ్ళమీదికి లాగి జేబులు కొట్టేవాళ్ళని కథ చెబుతారు. వినడానికి బాగుంది, కానీ ఈ మాట అచ్చులో మొదట కనిపించేది పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పత్రికల్లో, అప్పటికి ఆ విగ్గుల ఫ్యాషన్ దాటిపోయింది. నేనైతే ఈ కథని పిల్లలకి చెప్పను. అలాగే ‘ప్రైవేట్ ఐ’ అంటే డిటెక్టివ్, దానికి అమెరికాలో పింకర్టన్ అనే డిటెక్టివ్ ఏజెన్సీ గుర్తే మూలమని కొందరంటారు. పెద్ద కన్ను బొమ్మ, కింద ‘మేం నిద్రపోం’ అని వాళ్ళ నినాదం. ఇంకొందరు ఇన్వెస్టిగేటర్‌లోని మొదటి అక్షరం ‘ఐ’ మీద చమత్కారం అంటారు. రెండూ కలిసి ఉండొచ్చు, తేల్చుకోవాల్సిన అవసరం మనకి లేదు. ‘ఐ ఓపెనర్’ అని ఆఫీసు ట్రైనింగుల్లో తెగ వాడతారు కదా, ‘ఈ సెషన్ నాకు ఐ ఓపెనర్’ అని. కనువిప్పు అనే అర్థం రాకముందు అమెరికాలో అది పొద్దున్నే లేచి వేసే మద్యం చుక్కకి పేరు. ఈసారి ఎవరైనా అన్నప్పుడు ఇది గుర్తొచ్చి మీకు నవ్వొస్తే నా బాధ్యత లేదు.

అసూయ దగ్గరికి వస్తే బొమ్మలు కొంచెం విడిపోతాయి. ఇంగ్లీషువాళ్ళకి అది పచ్చకళ్ళ రాక్షసి, ‘గ్రీన్ ఐడ్ మాన్‌స్టర్’, షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలోది. అసూయ జోలికి పోకు స్వామీ అని ఒథెల్లోని హెచ్చరించేది ఎవరంటే, దాన్ని రాజేస్తున్న ఇయాగోనే! మనకి పచ్చరంగుతో పని లేదు, మనకి కన్ను కుడుతుంది, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటాం. ఎదుటివాడి కన్ను పడితే దిష్టి తగులుతుంది, నరుడి దృష్టికి నల్లరాయైనా పగులుతుందంటాం. అయితే లోపలికి తవ్వితే ‘ఎన్వీ’ అనే మాట కూడా లాటిన్‌లో చెడ్డచూపు చూడటం అనే దాంట్లోంచే వచ్చింది. గుమ్మడికాయ కట్టడం ఒక్కటే తక్కువ.

మీ టీమ్ వెక్కిరింపు గురించి బాధపడుతున్నారు కాబట్టి నాదొకటి చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పై అధికారి ఇంటికి భోజనానికి పిలిచారు. ఆవిడ ఇంటిముందు బంతి, కనకాంబరం, డాలియాలు, కళ్ళు తిప్పుకోలేం. ‘సైట్ ఫర్ సోర్ ఐస్’ అనే మాట ఎక్కడో చదివి ఉన్నాను, చూస్తే కళ్ళు చల్లబడేది అని అర్థం. అది నోటిదాకా వచ్చి తిరగబడింది. ‘మేడమ్, యువర్ గార్డెన్ ఈజ్ యాన్ ఐసోర్’ అన్నాను, నవ్వుతూ, నమస్కారం పెడుతూ. ఐసోర్ అంటే చూడలేనంత అసహ్యంగా ఉన్నది. ఆవిడ చేతిలో పెసరట్టు ప్లేటు అలాగే ఆగిపోయింది. రెండిట్లోనూ ఐ ఉంది, సోర్ ఉంది, ఒకటి కంటికి మందు, ఇంకొకటి కంటికి పుండు. రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చేసిన సంభాషణల పుస్తకంలోనే ‘నిన్ను చూడటం నొప్పి కళ్ళకి మంచిది’ అనే మాట ఉంది. అక్కడ నొప్పి నిజం నొప్పే, చూపు దానికి వైద్యం. ఆ బొమ్మ ఆరోజు నాకు తెలిసి ఉంటే తప్పు జరిగేది కాదు, నాకు తెలిసింది మాటల వరస మాత్రమే.

మీరు బట్టీ పడుతున్నదీ ఆ వరసే. అరవైలో పది నోటికి వస్తాయి, ఆ పదీ అవసరమైనప్పుడు ఒకదాంతో ఒకటి ముడిపడి బయటికొస్తాయి. దానికి బదులు ఎదుటివాళ్ళు వాడినప్పుడు పట్టుకోండి. మీటింగ్‌లో క్లయింట్ ‘కీప్ యువర్ ఐస్ పీల్డ్’ అన్నాడనుకోండి, తొక్క వలవడం ఏంటా అని ఒక్క క్షణం కంగారుపడతారు, పడండి, మంచిదే. కంటికి తొక్క అంటే రెప్ప, రెప్ప వలిచేస్తే కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మన ఒళ్ళంతా కళ్ళు చేసుకోవడం. ఇలా వారానికి ఒకటి చాలు. మీరు నలుగురి నోట మూడుసార్లు వినని ఇడియమ్‌ని మెయిల్లో రాయకండి. మాట్లాడేటప్పుడైతే వెంటనే సర్దుకోవచ్చు, మెయిల్ ఫార్వర్డ్ అయిపోతుంది.

ఇటునుంచి అటు తీసుకెళ్ళేటప్పుడు ఇంకా జాగ్రత్త. వాడికి కళ్ళు నెత్తికెక్కాయి అని ఇంగ్లీషులో చెబితే ఎవరైనా డాక్టర్ని పిలుస్తారు. మీ అమ్మగారు ‘నీ కోసం కళ్ళు కాయలు కాచాయే’ అంటే, దాన్ని ఆపిల్‌తో కలిపేయాలని మీకు అనిపించొచ్చు, వద్దు, చేతులు కాయలు కాచాయి అన్నప్పటి కాయలే అవి. ఇంగ్లీషులో అక్కడ కన్ను లేకుండా ‘ఐ హావ్ బీన్ వెయిటింగ్ అండ్ వెయిటింగ్’ అనేస్తే చాలు. కంటితుడుపు, ఐవాష్ కూడా ఒకటే అనిపిస్తాయి, మన పేపర్లు రెండూ ఒకే అర్థంలో వాడతాయి. కానీ కంటితుడుపులో ఏడ్చేవాడి కన్నీళ్ళు పైపైన తుడిచి ఊరుకోబెట్టడం ఉంది, ఐవాష్‌లో చూసేవాణ్ణి నమ్మించడం ఉంది. ప్రభుత్వం రెండు వందలు పరిహారం ఇస్తే కంటితుడుపు, పెద్ద సారు వస్తున్నాడని గోడలకి సున్నం వేస్తే ఐవాష్.

మీ అబ్బాయికి ఆపిల్‌తో పాటు ఇదీ చెప్పండి, వాడు బళ్ళో నలుగురికీ చెబుతాడు. ‘విండో’ అనే మాట ఉత్తరాది సముద్రపు జనాల పాతభాష నార్స్‌లోంచి వచ్చింది, అక్కడ దాని అర్థం గాలికన్ను. మన గవాక్షం అంటే గోవు కన్ను. ఒకళ్ళకి కిటికీలోంచి గాలి వచ్చింది, మనకి ఆవు చూసింది.

మేనేజర్‌కి మళ్ళీ వివరణ మెయిల్ రాయాల్సిన పని లేదు, ఆయన నవ్వేశాక అయిపోయినట్టే. టీమ్‌లో ఈసారి ఎవరైనా ‘ఐ టు ఐ’ అంటే, యెషయా 52:8 తీసి చూడమనండి.